తక్కువ ఖర్చులో గుర్రాల నడక యంత్రం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొయినాబాద్‌లోని లాయంలో గుర్రాలు ఆరయ్యాయనీ, గుర్రాలను చూసుకునే ఇద్దరు సాయీసులకు వాటన్నిటినీ రోజూ చేతిపగ్గంతో నడిపించడం భారమవుతోందనీ, అందుకని తక్కువ ఖర్చులో నడక యంత్రం, అంటే మధ్య స్తంభం చుట్టూ మోటారుతో తిరిగే చేతులతో గుర్రాలను వలయంగా నడిపించే యంత్రం, పెట్టించాలనుకుంటున్నావనీ రాశావు. ఆలోచన మంచిదే. అయితే డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఎక్కడ ఆదా చేయవచ్చో, ఎక్కడ చేయకూడదో ముందే తేల్చుకోవాలి.

యంత్రం ధర విచారించే ముందు స్థలం కొలిపించు. గుర్రం తిరిగే వలయం ఎంత చిన్నదైతే దాని కీళ్ల మీద అంత ఒత్తిడి పడుతుంది. పరుగుపందేల నుంచి విరమించిన గుర్రాలకు కాళ్లలో పాత దెబ్బలు ఉంటాయి కాబట్టి ఈ విషయంలో రాజీ పడవద్దు. నడిచే దారి మధ్యగీత దగ్గర వ్యాసం 15 మీటర్లకు తగ్గకుండా చూడు. అప్పుడు ఒక చుట్టు 47 మీటర్లు అవుతుంది. మామూలు నడకలో గుర్రం నిమిషానికి సుమారు 100 మీటర్లు పోతుంది కాబట్టి యంత్రం నిమిషానికి రెండు చుట్లు తిరిగితే చాలు.

నిమిషానికి 1440 చుట్లు తిరిగే మోటారు వేగాన్ని రెండు చుట్లకు దించాలంటే 720 రెట్ల తగ్గింపు కావాలి. ఒకే వర్మ్ గేర్‌బాక్సుతో (మర లాంటి ఇరుసుతో పళ్ల చక్రాన్ని తిప్పి వేగం తగ్గించే పెట్టె) ఇది సాధ్యం కాదు. రెండింటిని వరుసగా బిగించాలి. బాలానగర్‌లో చేయించినా, రాణిగంజ్‌లో విడిభాగాలు కొని బిగించుకున్నా, గేర్‌బాక్సు మాత్రం కొత్తదే తీసుకో. పాతది తప్పనిసరైతే అడుగు బిరడా విప్పించి నూనెను తెల్లగుడ్డ మీద పోయించి చూడు. అందులో బంగారు రంగు రజను మెరుస్తూ కనిపిస్తే లోపలి కంచు చక్రం అరుగుతున్నట్టే. ఎంత చవకగా ఇస్తామన్నా దానిని వదిలిపెట్టు.

మీ దగ్గర సింగిల్ ఫేజ్ కనెక్షనే ఉందన్నావు. దానికోసం త్రీ ఫేజ్ లైను తెప్పించనక్కర లేదు. రెండు హార్స్‌పవర్ లోపు త్రీ ఫేజ్ మోటారును 230 వోల్టులకు డెల్టాలో (లోపలి మూడు తీగచుట్టలనూ త్రికోణంలా కలిపే పద్ధతి) కలిపించి, సింగిల్ ఫేజ్ తీసుకునే వీఎఫ్‌డీతో (మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పరికరం) నడిపించవచ్చు. దీనివల్ల వేగం నీ చేతిలో ఉంటుంది, యంత్రం కుదుపు లేకుండా మెల్లగా మొదలవుతుంది, దిశ మార్చడమూ తేలికవుతుంది. ఎలక్ట్రీషియన్‌కు ఒక మాట గట్టిగా చెప్పు: కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు, ఎవరైనా బటన్ నొక్కితే తప్ప యంత్రం తిరగకూడదు. లాడాలు వేసిన గిట్టలతో తడి ఇసుక మీద నిలబడిన గుర్రానికి, మనిషికి పెద్దగా తెలియని కరెంటు కూడా ప్రాణాంతకం కావచ్చు. అందువల్ల మంచి ఎర్తింగు, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి), భూమిలో పైపు గుండా పోయే కేబులు తప్పకుండా ఉండాలి.

యంత్రాలు రెండు రకాలు. యంత్రపు చేతులకు పగ్గాలు వేలాడే రకం చవక. ఆ చేతులకు వేలాడే పలకల మధ్య గుర్రం స్వేచ్ఛగా నడిచే రకానికి లోపలా బయటా కంచె కావాలి కాబట్టి ఖర్చెక్కువ. పగ్గం రకంలో బెదిరిన గుర్రం వెనక్కి లాగినా, కింద పడినా యంత్రం దాన్ని ఈడ్చుకుపోయే ప్రమాదం ఉంది. గుర్రం ఆగితే జారిపోయే క్లచ్ లేని యంత్రాన్ని ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. పగ్గానికీ తలకట్టుకూ మధ్య గట్టిగా లాగితే తెగిపోయే సన్నని సుతిలి ముక్క ఒకటి కట్టించు. వీలుంటే మరికొన్నాళ్లు డబ్బు కూడబెట్టి పలకల రకమే పెట్టించమని నా సలహా. కంచెకు పాత కన్వేయర్ బెల్టు వాడితే ఖర్చు బాగా తగ్గుతుంది. అయితే కోసిన అంచుల్లో నైలాను దారాలు బయటకు వస్తాయి. గుర్రాలు వాటిని కొరికి మింగితే పేగుల్లో అడ్డుపడి కడుపునొప్పి వస్తుంది. నెలకొకసారి అంచులు తడిమి, వచ్చిన దారాలను కత్తిరించే పని ఒక సాయీసుకు అప్పగించు.

ఆరు చేతుల యంత్రం అవసరం లేదు. నాలుగు చాలు, మిగిలిన రెండు గుర్రాలు రెండో విడతలో నడుస్తాయి. పైకప్పు తర్వాత వేసుకోవచ్చు. నేల విషయంలో మాత్రం చేయి బిగపట్టవద్దు. నీరు బయటకు పోయేలా వాలు ఇచ్చి, మొరం పరిచి రోలరుతో తొక్కించి, ఆపైన ఇసుక వేయించు. మధ్య స్తంభం కాంక్రీటు దిమ్మె 28 రోజులు గట్టిపడ్డాకే బరువు ఎక్కించమను.

మొదట్లో ఒక్కొక్క గుర్రాన్నే, పక్కన సాయీసు నడుస్తుండగా, ఐదేసి నిమిషాలు అలవాటు చేయించు. తరువాత అరగంట దాకా పెంచి, మధ్యలో దిశ మారుస్తూ ఉండు. ఎప్పుడూ ఒక మనిషి స్టాప్ బటన్ అందుబాటులో ఉండాలి. యంత్రం వచ్చిందని సాయీసును మానిపించే ఆలోచన పెట్టుకోవద్దు. ఎండాకాలంలో ఉదయం ఏడు గంటలలోపే ముగించు.

కొటేషన్లు రాగానే నాకు పంపు. గేర్‌బాక్సు మీది పేరుపలక అక్షరాలు స్పష్టంగా కనిపించేలా ఫోటో తీయించి జతచెయ్యి.