సిస్టరమ్మకు ఉత్తరం: నాయినను ఏ హోంల ఉంచాలె?

సిస్టరమ్మా, మాది మర్రిగూడ మండలం. మా నాయినకు 71 ఏండ్లు. నెల కింద పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయి. మాట కూడ పోయింది, ఆ, ఊ అంటడు అంతే. దవాఖానల ఇంక ఇంటికి తీస్కపొమ్మన్నరు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాయినను లేపలేదు. తమ్ముడు పుణెల ఉంటడు, నేను మిర్యాలగూడల. మూడు నెలలు ఏదన్న రిహాబ్ హోంల ఉంచుదామని రెండు చూసినం. ఒకటి హైదరాబాద్ శివారుల, నెలకు 45 వేలు, ఏసీ రూములు, లిఫ్టు, పెద్ద జిమ్ము. ఇంకోటి నల్గొండల, 28 వేలు, పాత బిల్డింగు. రెండు కాడ మంచిగ చూస్తమనే అన్నరు. ఏది మంచిదో ఎట్ల తెలుస్తది? నాయినకు ఫ్లోరైడుతోని మెడ, నడుము ముందునుంచే బిగుసుకపోయి ఉన్నయి. ఊర్ల అయితే తండ్రిని హోంల పడేస్తున్నరని మాట్లాడుతున్నరు.
– ఒక బిడ్డ, మిర్యాలగూడ

బిడ్డా, ఆ రెండు హోములకు నువ్వు ఏ టైముకు పోయినవో రాయలేదు. ముందుగల ఫోన్ చేసి, పొద్దున పదకొండింటికో సాయంత్రం నాలుగింటికో పోయి ఉంటవు. అందరం అట్లనే పోతం. సర్కారు దవాఖానల 31 ఏండ్లు నర్సుగ చేసిన నేను కూడ మా అత్తమ్మ కాడ అదే తప్పు చేసిన. అది ముందు చెప్తా.

అత్తమ్మ బాయి కాడ జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయినంక ఇంట్ల చూసుకునే మనిషి లేక ఒక హోంల పెట్టినం. ప్రతి ఆదివారం నాలుగింటికి పోయేదాన్ని. తల దువ్వి, మొహానికి పౌడర్ రాసి, ఉతికిన చద్దరు నడుము దాక కప్పి, దిండుకు ఆనిచ్చి కూసోబెట్టేటోళ్లు. మంచిగ చూస్తున్నరా అంటే తల ఊపేది. మూడు ఆదివారాలు నిమ్మళంగ తిరిగొచ్చిన. నాలుగో వారం, బుధవారం నాడు నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోకుండ పొద్దుగాల ఆరింటికి సీదా అక్కడికే పోయిన. చద్దరు తడిసి చల్లగ ఉన్నది. అది తీస్తే ఎడమ మడమ మీద రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ. వేలు పెడితే మెత్తగ దిగింది. ఎంతమందికో డ్రెస్సింగ్ చేసిన చేతులు నావి, ఆ చద్దరు ఒక్కసారి పైకెత్తలేదు. ఆ పుండు మానటానికి ఐదు నెలలు పట్టింది. ఫ్లోరుకంత రాత్రికి ఒక్కతే ఆయమ్మ. కుర్సీల కూసొని, గోడకు తల ఆనిచ్చి నిద్రపోతున్నది. ఆమెను ఒక్క మాట అన బుద్ధి కాలేదు.

అందుకని చెప్తున్న, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి, పొద్దుగాల ఆరింటికి ఒకసారి చెప్పకుండ పో. రాత్రి ఎంతమంది మంచం మీదనే ఉండేటోళ్లున్నరు, వాళ్లకు ఎంతమంది ఆయాలున్నరు, నువ్వే లెక్కపెట్టు. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలె. 20 మంది ఉన్నరనుకో, 8 గంటల రాత్రిల ఒక్కొక్కరిని 4 సార్లు తిప్పితే 80 సార్లు అయితది. ఒక్కోసారికి 5 నిమిషాలే అనుకున్నా 400 నిమిషాలు, అంటే దాదాపు ఏడు గంటలు. అందుల సగం మందిని ఇద్దరు పట్టుకుంటే గని తిప్పలేరు. ఇంక బట్టలు మార్చుడు, నీళ్లు తాపుడు ఎప్పుడు? మేనేజర్ ఏం చెప్పినా సరే, ఈ లెక్క కుదరకపోతే అక్కడ రాత్రిపూట ఎవ్వరినీ తిప్పుతలేరన్నట్టే.

తిప్పినట్టు రాసే కాగితం ఒకటి మంచానికి వేలాడుతది, అది చూడు. రాత్రి ఎనిమిదింటికి నువ్వు పోయినప్పుడే తెల్లవారుజాము నాలుగింటి గడిల కూడ టిక్కు పడి ఉంటే వెనక్కి తిరిగి రా. ఇంకేం అడగాల్సిన పని లేదు.

వేరేటోళ్ల చద్దరు ఎత్తి చూడొద్దు, అది మర్యాద కాదు. కనబడేవి చూస్తే చాలు. ఎవ్వరూ చూడటానికి రాని ముసలోళ్లు ప్రతి హోంల నలుగురైదుగురు ఉంటరు. వాళ్ల గోర్లు, పెదవులు, గడ్డం చూడు. పెదవులు పగిలి నాలుక మీద తెల్లగ పొర కట్టి ఉంటే నోరు కడుగుతలేరని, నీళ్లు సరిగ తాపుతలేరని తెలుస్తది. మూత్రం సంచి నేల మీద పడి ఉన్నదా, మంచం కింది భాగాన కొక్కానికి వేలాడుతున్నదా? నాయినను చేర్పించినంక మాత్రం పోయినప్పుడల్లా మడమలు, తుంట్లు, నడుము కింద ఎముక కాడ చూడాలె. పుస్తకాలల్ల ఎర్రగయితదని రాస్తరు. మన చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు ఆనదు. చుట్టుపక్కల చర్మం కంటె నల్లగ, వేడిగ, గట్టిగ తగులుతది. అక్కడ పట్టుకుంటే ఇంక పుండు కానియ్యకుండ ఆపొచ్చు.

ఇప్పుడు మీ నాయిన సంగతి. కుడి పక్క పడిపోయి మాట పోయిన మనిషి దూప అయితే పిలవలేడు. అట్లని ఆయనకు ఏం అర్థం కాదనుకోవద్దు. మాట రాకపోయినా మనం అనేది శానా మందికి తెలుస్తది. నీళ్ల గ్లాసు, పిలిచే బెల్లు ఎడమ చేతికి అందేటట్టు పెడ్తున్నరా చూడు. నేను చూసిన చానా రూముల్ల టేబుల్ గోడ ఏ పక్కకుంటే ఆ పక్కకే ఉంటది, పేషెంట్ ఏ చెయ్యి పడిపోయిందో ఎవరూ చూడరు. గ్లాసు నిండుగనే ఉంటది, మనిషి నోరు ఎండిపోయి ఉంటది. తిప్పేముందు ఆయమ్మ "తాతా, ఇటు తిప్పుతున్న" అని చెప్తదా, లేకపోతే ఆయన మీదికెల్లి ఇంకో ఆయమ్మతోని ముచ్చట పెడ్తదా, అది కూడ గుర్తుపెట్టుకో.

అన్నం పెట్టే టైముల పో. పక్షవాతం వచ్చినోళ్లకు మింగుడు సరిగ ఉండకపోతే నీళ్లు, మెతుకులు ఊపిరితిత్తులకు పోయి నిమ్ము చేస్తయి, ప్రాణం మీదికి వస్తది. మింగుడు ఎవరు పరీక్ష చేసిన్రు అని అడుగు. పూర్తిగ లేపి కూసోబెట్టి తినిపియ్యాలె, తిన్నంక అరగంట పండబెట్టొద్దు. నీళ్లు తాగినంక దగ్గినా, గొంతు గురగుర అన్నా ఆపి డాక్టర్‌కు చెప్పాలె. జొన్నరొట్టె తినే మనిషి గదా అని ప్రేమతోని నువ్వు కూడ చెప్పకుండ పెట్టకు.

జిమ్ము పెద్దగ ఉంటే మురిసిపోకు. ఫిజియో రోజుకు ఎన్ని నిమిషాలు నాయిన కాడ ఉంటడు, అది కావాలె. వచ్చి కరెంటు మిషన్ పెట్టి ఇంకో రూముకు పోతడా, మంచం అంచున కూసోబెట్టి, నిలబెట్టి చేపిస్తడా? మొదటి మూడు నుంచి ఆరు నెలలల్లనే ఎక్కువ తేరుకునేది, నీ మూడు నెలలు శానా విలువైనయి. పడిపోయిన చెయ్యి పట్టి గుంజి లేపేటోళ్లుంటే అక్కడే ఆపు, భుజం కీలు జారుతది.

ఫ్లోరైడు సంగతి నువ్వు రాసుడు మంచిగయింది. మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు నుంచి వచ్చినోళ్లను మేం వార్డుల చూస్తనే ఉండేటోళ్లం. ఇప్పుడు ఫ్లోరైడు లేని మిషన్ భగీరథ నల్లా నీళ్లు తాగినా, ఎప్పుడో బిగిసిన కీలు వదలదు. ఎముక దట్టంగ కనబడ్తది గని తొందరగ విరుగుతది. తెల్వని ఫిజియో పక్షవాతంతోని బిగుసుకపోయిందనుకొని మెడనో నడుమునో బలంగ వంచితే ప్రమాదం. పాత ఎక్స్‌రేలు తీస్కపోయి చూపించు, కేస్ షీట్ మీద పెద్దక్షరాలతోని రాపించు. ఇట్లాంటి మనిషి చదును మంచం మీద ఎల్లెలకల పండలేడు, మెడ కింద ఎంత ఎత్తు కావాల్నో అమ్మను అడిగి చెప్పు. ఈ మాట చెప్పంగనే నల్గొండల ఫిజియోకు సమజయితది. హైదరాబాద్‌ల కూడ తెలిసినోళ్లుంటరు, అడిగి చూడాలె.

ఊరోళ్ల మాట పట్టించుకోకు. మోకాళ్లు పోయిన అమ్మ ఆయనను లేపబోయి ఇద్దరూ పడితే ఆ మాట్లాడేటోళ్లు ఎవరూ వచ్చి ఎత్తరు. రేపు ఏ హోంల గాని కొట్టుడు, కట్టేసుడు లాంటివి కనబడితే జిల్లా వైద్యాధికారి ఆఫీసుల రాసియ్యి, పెద్దోళ్ల కోసం పెట్టిన 14567 నంబరుకు ఫోన్ చెయ్యి.

నేనయితే నల్గొండ వైపే మొగ్గుతా. మిర్యాలగూడల పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి తిరిగి వస్తవు, వారానికి మూడుసార్లు, రోజుకో టైముల పోవచ్చు. హైదరాబాద్ అయితే ఆదివారాలే దిక్కయితయి. కాకపోతే పైసలు కట్టేముందు ఒక్కటి అడుగు: మొదటి రాత్రి నాయిన పక్కన నేను పడుకుంట అని. రూలు ఒప్పుకోదు, నాలుగు నుంచి ఆరు దాకనే రావాలె అని ఖరాఖండిగ చెప్తే అక్కడ చేర్పించకు. సరే అంటే ఆ రాత్రి నిద్రపోకు, రెండింటికి ఎవరన్న వచ్చి తిప్పుతరేమో చూడు.