కుళ్ళిన తాబేలు గుడ్డు ఎవరికి పనికొస్తుంది?

ప్రశ్న: మాస్టారూ, మాది ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్య మొగ దగ్గర తెలుగు జాలర్ల ఊరు. ఫిబ్రవరి, మార్చిలో తాబేళ్ళు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయి. ముందొచ్చిన తాబేలు గుంటను వెనకొచ్చింది తవ్వేస్తుంది. బయటపడ్డ గుడ్లు కాకులు, కుక్కలు తింటాయి, మిగతావి కుళ్ళి కంపు కొడతాయి. వీటి కోసమే నవంబరు నుంచి మే నెలాఖరు దాకా మా వేటకు ఆంక్షలు. ఇంత వృథా అయ్యేదాని కోసం మేమెందుకు పస్తులుండాలి?
- ఒక జాలరి యువకుడు

జవాబు: తమ్ముడూ, పస్తుల మాట ముందు. ఏడు నెలలు వేట కుంటుపడితే ఇల్లు గడవదు. దానికి తగిన భృతి అడగడం మీ హక్కు, గట్టిగా అడగండి. కానీ గుడ్లు వృథా అంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఒక వానాకాలంలో, తాబేలు పిల్లలన్నీ వెళ్ళిపోయాక, మీ ఒడ్డునే ఇసుక మీద పాకే బాలబంద తీగ వేరు పట్టుకుని చేత్తో తవ్వాను. మూరెడు లోతున సొట్టపడ్డ గుడ్డు పెంకు దొరికింది. విప్పి చూస్తే సొన లేదు. జుట్టులా అల్లుకున్న పీచువేళ్ళు మాత్రం పెంకు నిండా ఉన్నాయి. ఇసుకలో సారం నిలవదు, వాన పడితే దిగిపోతుంది. ఆ తీగకు తిండి ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది.

నదులు నేల సారాన్ని సముద్రంలోకి దింపుతాయి. తిరిగి ఒడ్డుకు ఎక్కించేవి తక్కువ. పీతలు, రొయ్యలు, జెల్లీచేపలు తిన్న తాబేలు వాటిలోని నత్రజనిని, భాస్వరాన్ని వంద గుడ్లుగా మార్చి మీ ఇసుకలో పెట్టి పోతుంది. ఎండ నుంచి వచ్చిన శక్తిలో, ఒకదాన్నొకటి తినే జీవుల గొలుసులో ఒక్కో మెట్టు దగ్గర పదో వంతే పైకి చేరుతుంది, మిగతాది చాలావరకు వేడిగా పోతుంది, తిరిగి రాదు. పోషకాలు అలా కాదు, చేతులు మారుతూ తిరుగుతాయి. అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో మరో జాతి తాబేలు గూళ్ళను పరిశీలించి 2000లో లెక్క ప్రచురించారు. గుడ్లలోని పోషకాల్లో 40 శాతం లోపే పిల్లలతో సముద్రానికి తిరిగి వెళ్ళాయట. మిగతాది ఒడ్డుకీ, అక్కడ తిరిగే జీవాలకీ దక్కింది. ఇసుకను పట్టి ఉంచేవి ఆ తీగలూ, రావణాసురుడి మీసాలనే ముళ్ళగడ్డీ. మీ పక్కనున్న పొడంపేట ఊరిని సముద్రం ఎంత తినేసిందో మీకు నేను చెప్పాలా? అదంతా తీగలు పోవడం వల్లే అనను. కానీ ఉన్న తీగనైనా పోగొట్టుకోవద్దు.

కాకి, ఇసుక పీత తినడం ఎప్పటినుంచో ఉన్నదే. కుక్కల సంగతి వేరు. మనం ఒడ్డున పారేసే చేప తలలు, పేగులు తిని అవి లెక్కకు మించి పెరిగాయి. మన చెత్తతో బతికిన కుక్క తాబేలు గూళ్ళ మీద పడుతోంది. ఆ వ్యర్థాన్ని గుంట తీసి పూడ్చి, ఏడాది తర్వాత కొబ్బరి మొదళ్ళకు వేయండి, బాగా పనిచేస్తుంది.

2025లో మీ ఒడ్డుకు ఆరున్నర లక్షలకు పైగా తాబేళ్ళు వచ్చాయి. అంత మంద చూసి దిగుల్లేదనుకోవద్దు. పిల్ల ఎదిగి గుడ్లు పెట్టడానికి పదేళ్ళకు పైనే పడుతుంది. ఈ ఏడాది వలలో పడి చచ్చిపోయిన తల్లుల లోటు మీ పిల్లల కాలానికి తెలుస్తుంది.

గుడ్లు పెట్టిన ఏడు వారాలకు పిల్లలు బయటికొస్తాయి. వెలుగు ఎటు కనిపిస్తే అటే పాకుతాయి. ఆ రాత్రులు ఒడ్డు వైపు ఉన్న బల్బులు ఆర్పించగలవా? ఎన్ని ఇళ్ళవాళ్ళు ఒప్పుకున్నారో నాకు రాయి.