తామరతంపర అనే మాటుండగా

కావలి

చిరంజీవి అబ్బోడికి,

మామయ్య ఆశీస్సులు. నిన్న ఫోన్లో, నువ్వు తెలుగు చేస్తున్న వాక్యంలో ‘ప్రొలిఫరేషన్’ (ఒకటి పదిగా పుట్టుకొస్తా పెరిగిపోవడం) అని ఉంది, దానికి తెలుగేంది మామా అని అడిగావు. నేను గబుక్కున ‘విస్తరణ’ అనేశా. రాత్రి మంచమెక్కినాక తెలిసొచ్చింది, తప్పు చెప్పానని. రోడ్లు విస్తరిస్తారు, మంత్రివర్గాన్ని విస్తరిస్తారు. ఆ మాటలో పిల్లలు పుట్టరు.

ముందు మాటను విప్పి చూడు. లాటిన్‌లో ‘ప్రోలెస్’ అంటే సంతానం, ‘ఫెర్రె’ అంటే మోయడం. ఈ రెంటినీ అతికించింది ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు అక్కణ్ణించి తెచ్చుకున్నారు. రోములో ఆస్తిపాస్తుల్లేక, రాజ్యానికి బిడ్డల్ని తప్ప ఇంకేమీ ఇవ్వలేని వాళ్ళను ‘ప్రోలెటారియై’ అనేవాళ్ళు. మన ఎర్రజెండా సభల్లో వినపడే ‘ప్రోలెటేరియట్’ (శ్రామికవర్గం) దాని మనవరాలే. ఒక పువ్వు నడిమిలోంచి ఇంకో మొగ్గ పుట్టుకొస్తే చెట్ల శాస్త్రంవాళ్ళు ‘ప్రొలిఫరేషన్’ అనే అంటారు. 19వ శతాబ్దంలో కణాలకీ, 20వ శతాబ్దంలో అణుబాంబులకీ అంటింది.

అందుకని ఏది పెరుగుతోందో చూడకుండా తెలుగు మాట వెయ్యొద్దు. క్యాన్సర్ గురించైతే కణాలు ‘పెచ్చుపెరగడం’ సరే. గాయం మానేటప్పుడూ కణాలు ఇట్టాగే పెరుగుతాయి. అక్కడ పెచ్చు అన్నావంటే చదివేవాడు హడలిపోతాడు.

బాంబుల దగ్గర పత్రికలు ‘అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం’ అని స్థిరపరిచాయి. 1968లో సంతకాలకు పెట్టారు, 1970లో అమల్లోకొచ్చింది, మనదేశం సంతకం చెయ్యలేదు. ఆ పేరు కదిలించొద్దు. అయితే ఉన్న దేశమే ఇంకా బాంబులు చేసుకుంటా పోయినా ఇంగ్లీషులో అదే మాట. అక్కడ వ్యాప్తి కుదరదు, ‘పోగేసుకోవడం’ అను.

ఇక మన బీళ్ళల్లో సర్కారుతుమ్మ ఉందే, మేకలు కాయలు తిని పెంటికలేసిన చోటల్లా మొలుస్తుంది, నరికితే మొద్దులోంచి నాలుగు కొమ్మలు లేస్తాయి. దానికి ‘తామరతంపర’ అను. చెరువు బురదలో తామర దుంప పాకుతా, కణుపు కణుపుకీ ఆకు వేస్తా పోతుంది. ‘ప్రోలెస్’కి ఇంతకంటే దగ్గర చుట్టం నాకు దొరకలేదు. ‘ఇబ్బడిముబ్బడి’ రెండింతలు, మూడింతల లెక్క, దిగుబడికీ డబ్బుకీ బాగుంటుంది. ‘పుట్టగొడుగుల్లా’ మాత్రం కోచింగ్ సెంటర్లకి వదిలెయ్.

ఇంతకీ నీ వాక్యంలో పెరిగేది ఏందో చెప్పనేలేదు. ఆ పేజీ మొత్తం వాట్సాప్‌లో పెట్టు.

మామయ్య