ఆట మానేసిన శిష్యురాలికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ప్రొఫెషనల్ స్క్వాష్ టూర్ నుంచి తప్పుకుంటున్నానని నువ్వు పెట్టిన మెసేజ్ చదివాను. బాధపడొద్దని చెప్పను. ఊహ తెలిసినప్పటి నుంచి ఆడిన ఆట, బాధ ఉంటుంది. కానీ వచ్చే నెల నుంచే కోచింగ్ మొదలుపెడతానన్నావు చూడు, అక్కడ మాత్రం నా మాట విను తల్లీ. ఆడటం వేరు, నేర్పడం వేరు. నేర్పడం నేర్చుకోవడానికి ఒక ఏడాది పెట్టుకో.

అలాగని ఆటతో పూర్తిగా తెంచుకోనక్కర్లేదు. మన దేశపు స్క్వాష్ ఆటగాడు సౌరవ్ ఘోషాల్ 2024లో, 37 ఏళ్ల వయసులో టూర్ మానేస్తూ కూడా దేశం తరఫున ఇంకొంత ఆడాలని ఉందనే అన్నాడు. మన స్క్వాష్ క్రీడాకారిణి దీపికా పల్లికల్ కొన్నేళ్లు ఆటకు దూరంగా ఉండి, కవల పిల్లలు పుట్టాక తిరిగొచ్చి, 2022లో ప్రపంచ డబుల్స్‌లో రెండు టైటిళ్లు గెలిచింది. డబుల్స్‌లో కోర్టంతా ఒక్కదానివే కవర్ చేయక్కర్లేదు, మోకాలి మీద భారం తగ్గుతుంది. ఫిజియో సరే అంటే ఆ దారి తెరిచే ఉంచు. శిక్షణ ఒక్కసారిగా ఆపేయకు, కొద్దికొద్దిగా తగ్గించు.

ఇక కోచింగ్ సంగతి. పెద్ద స్థాయిలో ఆడినవాళ్లు కోచ్‌లయ్యాక "ఇదిగో, ఇలా కొట్టు" అని తాము కొట్టి చూపిస్తారు. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు, ఏమీ నేర్చుకోరు. నువ్వు ముందు నేర్చుకోవాల్సింది ఫీడింగ్. బంతిని ఒకే చోటికి, ఒకే ఎత్తులో, ఒకే వేగంతో పదేపదే ఇవ్వాలి. అప్పుడు నీ కళ్లు బంతి మీద ఉండకూడదు. పిల్ల రాకెట్ ఎప్పుడు పైకెత్తింది, ఏ కాలు ముందుకు వేసింది, కొట్టాక కోర్టు మధ్యలో గీతలు కలిసే 'టీ' దగ్గరికి తిరిగొచ్చిందా, అవి చూడాలి. ఇన్నేళ్లూ బంతినే చూసిన నీకు ఇది చాలా కష్టంగా ఉంటుంది.

మొదటి రోజే డబుల్ ఎల్లో డాట్ బంతి, అదే పెద్ద పోటీల్లో వాడే రెండు పసుపు చుక్కల బంతి, ఇవ్వకు. అది వేడెక్కితే గానీ ఎగరదు, దాన్ని వేడెక్కించేంత గట్టిగా కొత్తవాళ్లు కొట్టలేరు. ర్యాలీ సాగక విసుగొచ్చి మానేస్తారు. నీలం చుక్క ఉండే బ్లూ డాట్‌ బంతితో మొదలుపెట్టు, అది పెద్దది, బాగా ఎగురుతుంది. కంటికి దెబ్బ తగలకుండా కాపాడే అద్దాలు లేకుండా ఏ పిల్లనీ కోర్టులోకి రానివ్వకు. తల్లిదండ్రులు ఎంత బతిమాలినా సరే.

మన హైదరాబాద్ బ్యాడ్మింటన్ ఊరు. సైనా, సింధు పెరిగిన ఊళ్లో నీ దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ముందు షటిల్ ఆడి ఉంటారు. మణికట్టు వదులుగా తిప్పి కొడతారు. దానికి కోప్పడకు. వాళ్లకు కాళ్ల కదలిక, చూపు అప్పటికే ఉన్నాయి, అది నీ అదృష్టం. మణికట్టు బిగించి, రాకెట్ తల పైకి పెట్టడం నేర్పితే చాలు, మిగతాది త్వరగా వస్తుంది.

కోర్టుల కోసం పెద్ద క్లబ్బుల చుట్టూనే తిరగకు. గచ్చిబౌలి, కోకాపేట వైపు గేటెడ్ కమ్యూనిటీల క్లబ్‌హౌస్‌లలో స్క్వాష్ కోర్టులు చాలా ఉన్నాయి, నేర్పేవాళ్లు లేక ఖాళీగా పడి ఉంటాయి. ఒప్పుకునే ముందు టేపుతో కొలుచుకో: పొడవు 9.75 మీటర్లు, వెడల్పు 6.4 మీటర్లు ఉండాలి. ఏ నెల ఫీజు ఆ నెల మొదట్లోనే తీసుకో, మొహమాటపడకు.

స్క్వాష్ తొలిసారి 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోకి వస్తోంది. 2023 అక్టోబరులో ముంబై సమావేశంలో ఒలింపిక్ కమిటీ ఒప్పుకుంది. దాంతో ఆశలు పెట్టుకున్న తల్లిదండ్రులు వస్తారు. ఈ ఆట చూపించి అమెరికా కాలేజీలో అడ్మిషన్ తెచ్చుకోవాలనీ వస్తారు. ఎవరికీ ఏదీ హామీ ఇవ్వకు. పిల్ల ఆట ఏ స్థాయిలో ఉందో ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఒకరిద్దరు వెళ్లిపోయినా ఫరవాలేదు.

ఇంకొక్క మాట. శిష్యులతో ఆడేటప్పుడు గెలవాలని చూడకు. నీ చేతికి ఆ అలవాటు పోవడానికి టైమ్ పడుతుంది. పిల్లాడు అలసిపోయినప్పుడు నువ్వు ముందు గోడ దగ్గర మెల్లగా పడేలా డ్రాప్ వేసి పాయింట్ తీసుకుంటే వాడికి వచ్చేదేమీ లేదు. బంతి మళ్లీ వాడికి అందేలా ఎత్తుగా లాబ్ వెయ్యి, ఇంకో నాలుగు షాట్లు ఆడనివ్వు.

సోమవారం సాయంత్రం నా దగ్గర చిన్నపిల్లల బ్యాచ్ ఉంది. రాకెట్ లేకుండా రా, పక్కన కూర్చుని ఏ పిల్ల ఎక్కడ తడబడుతోందో రాసుకో. తర్వాత నా లెక్కతో పోల్చి చూద్దాం. మోకాలి స్కాన్ రిపోర్టు కూడా పట్టుకురా.

మీ సార్