అమ్మానాన్నల పళ్ల సెట్టు: ప్రింటెడ్ తీసుకోవాలా, మామూలుదా?

అమెరికా వచ్చిన కొత్తలో తల్లిదండ్రులకు కట్టుడు పళ్లు చేయించాల్సి వస్తే, డెంటిస్టు ‘డిజిటల్ డెంచర్’ అంటారు. ఒప్పుకునే ముందు ఒక్క ప్రశ్న అడగండి: మిల్లింగ్ చేసిందా, త్రీడీ ప్రింట్ చేసిందా? రెండింటినీ డిజిటల్ అనే పిలుస్తారు గానీ నోట్లో వాటి నడవడి వేరు.

మామూలు సెట్టుకి మైనం మీద పళ్లు అమర్చి, ప్లాస్టర్ అచ్చులో అక్రిలిక్ అనే ప్లాస్టిక్ నింపి వేడి చేస్తారు. గట్టిపడేటప్పుడు అది కాస్త కుంచించుకుపోతుంది. గట్టిపడకుండా మిగిలిన ముడి ద్రవం (మోనోమర్) కొందరికి చిగుళ్లు మండేలా చేస్తుంది. మిల్లింగ్‌లో ఫ్యాక్టరీలోనే అధిక ఒత్తిడితో గట్టిపరిచిన దిమ్మను చెక్కుతారు కాబట్టి ఈ రెండు ఇబ్బందులూ బాగా తక్కువ. ప్రింటింగ్‌లో రెసిన్ అనే ద్రవ ప్లాస్టిక్‌ను దాదాపు 50 నుంచి 100 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొరలుగా కాంతితో గట్టిపరిచి, ఆల్కహాల్‌లో కడిగి, మళ్లీ కాంతి పెట్టెలో ఉంచుతారు. ల్యాబు తొందరపడేది ఈ చివరి రెండు పనుల్లోనే. కడగడం, ఆరబెట్టడం, కాంతి పట్టించడం సరిగ్గా జరగకపోతే రెసిన్ పచ్చిగా మిగులుతుంది. అలాంటి సెట్టు మరకలు పీలుస్తుంది, త్వరగా విరుగుతుంది.

శుభ్రత విషయంలో నా లెక్కలో మిల్లింగే మేలు. గరుకు ఉపరితలం మీద క్యాండిడా ఫంగస్ తేలిగ్గా పట్టుకుంటుంది. దాంతో అంగిలి ఎర్రబడి మండుతుంది, పెదవుల మూలలు పగులుతాయి. సెట్టు చేతికిచ్చినప్పుడు తిప్పి, లైటు కింద పెట్టి చూడండి. బయటి వైపు అద్దంలా మెరవాలి. పొరల గీతలు మెట్లలా కనిపిస్తే, వేలికి తగిలితే, అక్కడే మళ్లీ పాలిష్ చేయించండి. చిగుళ్లకి ఆనే లోపలి వైపు పాలిష్ చేయరు, ఎందుకంటే చేస్తే పట్టు పోతుంది. మురికి కూడా ఎక్కువగా అక్కడే చేరుతుంది కాబట్టి బ్రష్ ముందు అటు నడవాలి.

ఏ రకమైనా రోజూ మెత్తని బ్రష్‌తో, గిన్నెలు కడిగే సబ్బు నీళ్లతో తోమాలి. టూత్‌పేస్టు గీతలు పెడుతుంది, మరుగు నీళ్లు వంకర తిప్పుతాయి. రాత్రి తీసేసి నీళ్లలో ఉంచాలి, చిగుళ్లకూ విశ్రాంతి కావాలి. పలుచని బ్లీచ్ వాడితే పది నిమిషాలకు మించకూడదు, ఆ తర్వాత బాగా కడగాలి. లోహపు భాగాలుంటే బ్లీచ్ అసలే వద్దు. పసుపు, టీ, కిళ్లీ మరకలు ప్రింటెడ్ సెట్టుకి ఎక్కువగా పడతాయి, అందుకే తిన్న వెంటనే నీళ్లతో కడగమనండి.

సుఖం మాత్రం యంత్రం కన్నా కొలత తీసే చేతిలో ఉంది. పై సెట్టు అంగిలికి అతుక్కుని నిలుస్తుంది. కింది సెట్టు నాలుక కదిలినప్పుడల్లా లేస్తుంది, ఏ పద్ధతిలో చేసినా అంతే. ఎముక బాగా అరిగిపోయినవాళ్లకి కింద రెండు ఇంప్లాంట్లు (దవడ ఎముకలో బిగించే మరలు) వేయించి సెట్టుని వాటికి తగిలిస్తే పెద్ద తేడా వస్తుంది. పట్టు కోసం జిగురు వాడితే బఠాణీ గింజంత చుక్కలు మూడు నాలుగు చాలు. జింకు లేనిదే కొనండి, జింకున్నది ఏళ్ల తరబడి అతిగా వాడినవాళ్లకి నరాలు దెబ్బతిన్నాయి.

మామూలు సెట్టుకి సాధారణంగా ఐదు విడతలు వెళ్లాలి, డిజిటల్‌కి రెండు మూడు చాలు. అయితే సెట్టు పెట్టాక ఒకటి రెండు రోజుల్లో చిగుళ్లు ఒరుసుకున్న చోట్లు చూపించాలి. ఆ తర్వాత కూడా సర్దుబాట్లుంటాయి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి తిరుగు ప్రయాణం ముందు వారంలో చేయించొద్దు. ఈమధ్యే పళ్లు తీయించి ఉంటే చిగుళ్లు నెలల తరబడి కుంచించుకుపోతుంటాయి, సెట్టు వదులై లోపల కొత్త పొర వేయించాల్సి వస్తుంది. ఖర్చు చూస్తే, విజిటర్ ఇన్సూరెన్స్ మామూలుగా కట్టుడు పళ్లకి ఇవ్వదు. పెద్దవాళ్లకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఒరిజినల్ మెడికేర్ బీమా కూడా ఇవ్వదు. దగ్గర్లో డెంటల్ కాలేజీ ఉంటే అక్కడ తక్కువలో అవుతుంది, కాకపోతే విడతలు ఎక్కువ.

డిజిటల్ సెట్టుకి ఉన్న అసలైన లాభం, దాని ఆకారం దాచిన కంప్యూటర్ ఫైలు. పోయినా, విరిగినా మళ్లీ కొలతలు లేకుండా అదే సెట్టు చేయొచ్చు. ఆ ఫైలు క్లినిక్కులోనే ఉండిపోతే విజయవాడలో ఉన్న నాన్నగారికి పనికిరాదు. డబ్బు కట్టే ముందే ఆ ఫైలు ఎస్‌టీఎల్ (త్రీడీ ఆకారాలు దాచే) రూపంలో ఇస్తారా అని అడగండి. రెసిన్ పేరు కూడా రాయించుకోండి. ప్రింటెడ్ రెసిన్‌కి రిపేరు అక్రిలిక్ అంత తేలిగ్గా అంటదు, ముందు గరుకు చేయాలి. అది ఏ రెసినో తెలిస్తే అక్కడి డాక్టరుకి పని సులువవుతుంది.