రసీదు దగ్గర ఆగు

తిరుపతి

నాయనా,

నీ ఉత్తరాన్నీ, దానితో పంపిన కథనీ రెండుసార్లు చదివాను. టెర్రీ గిలియం 1985లో తీసిన ‘బ్రెజిల్’ చూసిన రాత్రి నీకు నిద్ర పట్టలేదనీ, తెర మీద మనుషులు వేరే దేశం వాళ్లయినా బతుకు మాత్రం నీదేననిపించిందనీ రాశావు. ఆ మాట నేను పూర్తిగా నమ్ముతున్నాను. కానీ నీ కథలో 2090వ సంవత్సరం, ఆకాశంలో నిఘా యంత్రాలు, అలిపిరి దగ్గర కొండంత గోడ ఉన్నాయి. నీకు నిద్ర లేకుండా చేసినవి ఇవేనా?

ఆ సినిమాలో ఒక పురుగు యంత్రంలో పడి, కాగితం మీద ఒక్క అక్షరం మారుతుంది. టటిల్ అన్న పేరు బటిల్ అవుతుంది. దానితో ఏ పాపమూ ఎరుగని మనిషిని పండగపూట పెళ్లాం బిడ్డల ముందే కట్టి తీసుకుపోతారు. నాకు అంతకంటే ఎక్కువ భయం వేసింది ఆ తరువాతి నిమిషంలో. వచ్చిన అధికారి ఆమె చేత సంతకం పెట్టించుకుని, భర్తను తీసుకుపోతున్నందుకు రసీదు ఇస్తాడు. ఆ రసీదు ఆమెకు అందినట్టు తానొక రసీదు ఉంచుకుంటాడు. పని పద్ధతిగా జరిగిపోతుంది.

మా అమ్మ పేరు మునెమ్మ. మన వైపు వీధికి ఇద్దరు ముగ్గురికి ఉండే పేరే. నాన్న పోయాక ఆమెకు వస్తున్న పింఛను ఒక ఏడాది ఉన్నట్టుండి ఆగిపోయింది. ఒక కాగితంలో ఆమె మునెమ్మ. ఇంకొక కాగితంలో, పేరు ఇంగ్లీషులోకి వెళ్లి మళ్లీ తెలుగులోకి వచ్చేసరికి, మునియమ్మ. ఇద్దరూ ఒకరేనని రుజువు తెమ్మన్నారు. తిరుపతి వేరే జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న. ఇది అంతకు చాలా ముందరి మాట కనుక ప్రతిసారీ చిత్తూరు బస్సు ఎక్కవలసిందే. కిటికీ దగ్గరకు చేరగానే అమ్మ, ఎవరూ అడగకముందే, ఎడమ బొటనవేలిని కొంగుతో తుడుచుకుని ముందుకు చాచి పట్టుకునేది. మూడోసారి వెళ్లినప్పుడు, “ఇద్దురిలో ఎవురు బతికుంటే వాళ్లకే ఇయ్యండి సామీ” అంది. ఆ గుమస్తా లేచి, తన కుర్చీ బయటికి తెచ్చి ఆమెను కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టి, లోపలికి వెళ్లి, మళ్లీ అదే రుజువు అడిగాడు.

దీన్ని కథగా రాసినప్పుడు నేను ఆ కుర్చీని తీసేశాను. అది ఉంటే నా కోపం నిలబడదనిపించింది. గుమస్తాను రాక్షసుణ్ణి చేశాను, కథ చచ్చిపోయింది. ఆ రాక్షసుడి పోలికలే నీ కథలోని సైనికులందరిలోనూ ఉన్నాయి.

గిలియం తన కథానాయకుడిగా ఆ భర్తను తీసుకోలేదు. రికార్డుల విభాగంలో పనిచేసే ఒక మెతక ఉద్యోగిని తీసుకున్నాడు. విచారణ ఖర్చుల కింద ఎక్కువ వసూలైన డబ్బును తిరిగి ఇవ్వడానికి అతడు చెక్కు పట్టుకుని ఆ ఇంటికి వెళ్తాడు. నా భర్త శవాన్ని ఏం చేశారని ఆమె అడుగుతుంది. అతని దగ్గర చెక్కు తప్ప జవాబు లేదు.

నువ్వు ఆన్‌లైన్ సెంటర్లో దరఖాస్తులు టైపు చేస్తూ బతుకుతున్నావు. ఉత్తరం చివర, ఏదో గుర్తొచ్చినట్టు, రెండు వాక్యాలు రాశావు. పాకాల నుంచి వచ్చిన పెద్దాయన పుట్టిన తేదీని నువ్వే తప్పు కొట్టావనీ, ఆయన తిరిగి వచ్చినప్పుడు కొత్త దరఖాస్తు పెట్టుకోవాలని చెప్పి రుసుము మళ్లీ తీసుకున్నావనీ. సినిమాలో నువ్వు నిన్ను చూసుకున్నది ఎవరిలోనో నాకు అక్కడ అర్థమైంది. తీసుకుపోయిన మనిషిలో అయితే నువ్వు నిద్రపోయి ఉండేవాడివి.

ఆ గోడ, ఆ సంవత్సరం తీసేయి. పెద్దాయన డబ్బు ఏ జేబులోంచి తీశాడో, నోటు ఎన్ని మడతల్లో ఉందో, ఆయనకు రసీదు ఇచ్చేటప్పుడు నువ్వు ఎటు చూస్తున్నావో రాసి పంపు. ఈ నెలంతా నేను ఊళ్లోనే ఉంటాను.

నీ శ్రేయోభిలాషి