ఎంత సాగదీయాలి, ఎప్పుడు సాగదీయాలి

కన్నా,

నువ్వు పంపిన వీడియో రెండుసార్లు చూశాను. స్క్వాట్లకు ముందు నేలమీద కూర్చుని, కాలి బొటనవేళ్ళు పట్టుకుని, కళ్ళు మూసుకుని నిమిషాల తరబడి అలాగే ఉన్నావు. తర్వాత బరువు భుజాల మీదికి ఎత్తుకుని కిందికి దిగగానే మోకాళ్ళలో వణుకు. కింద ఒక మెసేజ్: "అత్తా, స్ట్రెచింగ్ ఇంకాస్త పెంచమంటావా?"

వద్దురా. అసలు ఇబ్బంది అక్కడే ఉందేమో ముందు అది చూడు.

నేను హర్డిల్స్ పరుగెత్తే రోజుల్లో మాకూ ఇదే చెప్పేవాళ్ళు, ఎంత సాగదీస్తే అంత మంచిదని. ఒకసారి పోటీకి ముందు టెన్షన్‌తో ఏం చేయాలో తోచక అరగంట పైగా తొడలూ పిక్కలూ లాగుతూ కూర్చున్నాను. ఒళ్ళంతా దూదిలా హాయిగా అనిపించింది. పరుగు మొదలయ్యాక తెలిసింది, కాళ్ళు కూడా దూదేనని. మూడో హర్డిల్ దాటి దిగుతుంటే చీలమండ పక్కకి మడతపడింది. స్ట్రెచింగ్ వల్లే బెణికిందని ఒట్టేసి చెప్పలేను, ఆ రోజు నేల తడిగా కూడా ఉంది. కానీ నేలని తన్నితే తిరిగి రావాల్సిన ఊపు రాలేదు. అది మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

కండరాన్ని కదలకుండా చాలాసేపు లాగి పట్టుకుంటే, బిగుసుకోమని నరాల ద్వారా దానికి అందే ఆజ్ఞ కాసేపు బలహీనపడుతుంది. కండరమూ, దాన్ని ఎముకకి కట్టి ఉంచే టెండనూ కొంత వదులవుతాయి. వదులు తాడుతో బావిలో బకెట్ లాగినట్టన్నమాట. ముందు తాడు బిగియాలి, ఆ తర్వాతే బకెట్ కదులుతుంది. పాదం పక్కకి ఒరిగినప్పుడు చీలమండని కాపాడాల్సిన కండరానికి అంత తీరిక ఉండదు.

2000లో కెనడా పరిశోధకులు పిక్కల్ని అరగంటసేపు సాగదీయించి కొలిచారు. వెంటనే బలం 28 శాతం పడిపోయింది, గంట తర్వాత కూడా 9 శాతం తక్కువే. అంతసేపు ఎవరు చేస్తారంటావా? నేను చేశాను, నువ్వూ ఇంచుమించు చేస్తున్నావు. మామూలుగా ఒక్కో కండరాన్ని నిమిషం దాటి పట్టుకుంటే తగ్గేది నాలుగైదు శాతం. అరనిమిషం పట్టుకుని, ఆ తర్వాత సరిగ్గా వార్మప్ చేస్తే తేడా దాదాపు తెలియదు. కాబట్టి స్ట్రెచింగ్ అనగానే భయపడకు, బరువులకు ముందు అంతసేపు వద్దంటున్నానంతే.

ముందు ఏం చేయాలంటే, ఒళ్ళు వేడెక్కేదాకా ఐదు నిమిషాలు మెల్లగా పరుగెత్తు. కాళ్ళు ముందుకీ వెనక్కీ ఊపు. బరువు లేకుండా పది స్క్వాట్లు, ఖాళీ బార్‌తో ఇంకో పది. ఫుట్‌బాల్ ఆటగాళ్ళ కోసం ఫిఫా తయారుచేయించిన ‘11+’ వార్మప్‌లో ఇరవై నిమిషాలూ పరుగులు, బలం పెంచే కసరత్తులు, ఒంటికాలి బ్యాలెన్స్, గెంతులే ఉంటాయి. దాన్ని మానకుండా చేసిన జట్లలో గాయాలు బాగా తగ్గాయి.

ఇప్పుడు నీ వణుకు సంగతి. వెల్లకిలా పడుకో. ఒక పాదానికి తువ్వాలు తగిలించి, మోకాలు వంచకుండా, చేతులతో కాలిని పైకి లాగు. ఎక్కడిదాకా వచ్చిందో పక్క గోడమీద గుర్తు చూసుకో. తువ్వాలు వదిలేసి, అదే కాలిని దాని బలంతోనే ఎత్తు. ఈ రెండు గుర్తుల మధ్య కొంత తేడా అందరికీ ఉంటుంది. నీకు మాత్రం జానెడు కాదు, మూరెడు ఉంటుందని నా అనుమానం. ఆ మధ్య జాగా నీ చేతులది, కాలిది కాదు. స్క్వాట్ అడుగున నువ్వు దిగుతున్నది అలాంటి జాగాలోకే. అక్కడిదాకా వంగగలుగుతున్నావు, అక్కడ నిలబడే బలం ఇంకా రాలేదు.

అందుకని బరువు సగానికి తగ్గించు. మూడు అంకెలు లెక్కపెడుతూ దిగు, అడుగున రెండు అంకెలు ఆగు, అప్పుడు లే. కీలు తిరిగినంత మేరా బరువుతో పనిచేస్తే ఒళ్ళు స్ట్రెచింగ్‌తో సాగినంతా సాగుతుంది, పైగా బలం కూడా వస్తుంది. ఇది నాకు ముప్పై ఏళ్ళు ఆలస్యంగా తెలిసింది, ఏం చేస్తాం.

కూర్చుని చేసే స్ట్రెచింగ్ నీకు ఇష్టమైతే కసరత్తు అయ్యాక చెయ్యి, లేదా రాత్రి పడుకునే ముందు. ఒక్కో కండరానికి అరనిమిషం చొప్పున రెండుసార్లు, వారానికి రెండు మూడు రోజులు చాలు. మర్నాటి ఒళ్ళునొప్పులు దానితో పెద్దగా తగ్గవు, ఆ ఆశ పెట్టుకోకు. మొదటి వారాల్లో వేళ్ళు ఇంకాస్త కిందికి అందితే కండరం పొడవైందని మురిసిపోకు. చాలావరకు ఆ లాగుడుని ఓర్చుకోవడం అలవాటైందంతే. కాలి వెనక జివ్వుమని తిమ్మిరి పాకితే అక్కడే ఆపెయ్, అది కండరం కాదు, నరం. మళ్ళీ మళ్ళీ వస్తే ఫిజియోథెరపిస్టుకి చూపించు.

ఇంకోటి, నీ చెల్లెలు మోచెయ్యి వెనక్కి విల్లులా వంచి అందరికీ చూపిస్తుంటుంది కదా. దాన్ని నీతోపాటు కూర్చోబెట్టి సాగదీయించకు. దాని కీళ్ళు ముందే వదులు, దానికి కావాల్సింది బలం పెంచే కసరత్తులు.

నెల తర్వాత మళ్ళీ వీడియో పంపు. ఈసారి పక్కనుంచి కాదు, ఎదురుగా నిలబెట్టి తియ్యి. మోకాళ్ళు లోపలికి వాలుతున్నాయో లేదో నాకు అలా అయితేనే కనబడుతుంది.

మీ అత్త